పీ-డాట్స్ ముద్దలు కడుతుంటే

పీఎఫ్‌బీటీ అనే వెలుగునిచ్చే పాలిమర్‌తో పీ-డాట్స్ (పాలిమర్ నానోకణాలు) చేసేటప్పుడు నీళ్లలో ముద్దలు కట్టి, సగం పాలిమర్ ఫిల్టర్‌కే అంటుకుపోతోందా? టీహెచ్‌ఎఫ్ (పాలిమర్‌ని కరిగించే ద్రావకం) ద్రావణం బాగా పలుచగా ఉండాలి: మిల్లీలీటరుకు పాలిమర్ 50 మైక్రోగ్రాములు, పీఎస్-పెగ్-సీఓఓహెచ్ (కణాల పైభాగం కోసం కలిపే మరో పాలిమర్) 10. అందులోంచి 5 మి.లీ. తీసి, సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో కుదిపే యంత్రం) పెట్టిన 10 మి.లీ. మిల్లీ-క్యూ (అతిశుద్ధ) నీళ్లలోకి ఒక్క ఊపున కొట్టండి. చుక్కచుక్కగా వదిలితే కణాలు లావెక్కుతాయి. ఫ్యూమ్‌హుడ్‌లోనే నైట్రోజన్ ఊదుతూ టీహెచ్‌ఎఫ్‌ని పోగొట్టి, 0.2 మైక్రాన్ (200 నానోమీటర్ల) ఫిల్టర్‌లో వడకట్టాలి.

ఇక అసలు చిట్కా. వాడిన ఫిల్టర్‌ని పారేసే ముందు దాని మీద యూవీ టార్చ్ వెయ్యండి. పొర పసుపుపచ్చగా గట్టిగా వెలిగిందంటే సరుకు అక్కడే ఆగిపోయింది. డీఎల్‌ఎస్ (కాంతితో కణాల సైజు కొలిచే పరీక్ష) వంతు కోసం కూర్చోకుండా వెంటనే మళ్లీ చేసుకోవచ్చు. వెలగకపోతే మాత్రం సైజు బాగుందని అనుకోవద్దు. 30 నానోమీటర్లకూ 150కీ తేడా ఫిల్టర్‌కి తెలియదు, జీవకణాలకు ఇచ్చేముందు డీఎల్‌ఎస్ చూడాల్సిందే.