పాత మోటర్‌హోమ్ ట్యాంకు అసలు కొలత: పంపు ఆగిన అంకెను నమ్మకండి

అమెరికాలో ఇరవై ఏళ్ల నాటి మోటర్‌హోమ్ (లోపల ఇల్లు కట్టిన బండి) కొనుక్కున్న మన వాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: బ్రోచర్‌లో 55 గాలన్ల ట్యాంకు అని ఉంది, పెట్రోలు గేజి ముల్లు పావు దగ్గర ఉండగా పంపుకు తీసుకెళ్తే 28 గాలన్లకే నాజిల్ టక్కుమని ఆగిపోతోంది, మరి ట్యాంకు చిన్నదా, బ్రోచర్ తప్పా, గేజి పాడైందా? ఏ సామానూ కొనకముందే బండి కింద ఒకసారి టేపు పట్టి కొలవమని ఎంతమందికి చెప్పినా, ఆ ఒక్క పనీ వదిలేసి మిగతావన్నీ చేస్తున్నారు.

ఫోర్డ్ ఇ-సిరీస్ ఛాసిస్ (ఇంజనూ చక్రాలూ ఉన్న అడుగు చట్రం) మీద కట్టిన పాత క్లాస్ సీ బళ్లలో, అంటే వ్యాను ముందు భాగాన్ని ఉంచి వెనక ఇల్లు కట్టినవాటిలో, 37 గాలన్ల ట్యాంకూ కనిపిస్తుంది, 55 గాలన్లదీ కనిపిస్తుంది. ఎఫ్-53 ఛాసిస్ మీది, బస్సులా కనిపించే క్లాస్ ఏ బళ్లలో చాలావాటికి 75 గాలన్లది ఉంటుంది. బ్రోచర్ ఛాసిస్ మీద ఇల్లు కట్టిన కంపెనీది కాబట్టి మీ బండికి ఏది బిగించారో అది కచ్చితంగా చెప్పలేదు. ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో కొలిచి, మూడింటినీ గుణించి 231తో భాగిస్తే అమెరికా గాలన్లు వస్తాయి. 50, 22, 12 అంగుళాలు వచ్చాయనుకుంటే లెక్క 57 అవుతుంది. గుండ్రటి మూలలకూ, పెట్రోలు వ్యాకోచించడానికి పైన వదిలే ఖాళీకీ కొంత తీసేస్తే అది 55 గాలన్ల ట్యాంకే.

ఇంటికి కరెంటిచ్చే జనరేటర్ కూడా ఈ ట్యాంకు పెట్రోలే వాడుకుంటుంది, అది పావు ట్యాంకు దగ్గర ఆగిపోతే ట్యాంకు ఖాళీ అయిందని కంగారుపడకండి. దారిలో చిక్కుకుపోకుండా ఉండాలనే జనరేటర్ గొట్టాన్ని ట్యాంకు అడుగు దాకా దింపరు.

ఇక అసలు చిక్కు. పావు నుంచి నింపితే 37 గాలన్ల ట్యాంకు సుమారు 28 తీసుకోవాలి, 55 గాలన్లది 41 తీసుకోవాలి. అందుకే 28 దగ్గర ఆగగానే ట్యాంకు చిన్నదని తేల్చేస్తారు. కాని అప్పుడు ముల్లు ఎక్కడుందో చూడాలి: చిన్న ట్యాంకైతే నిండుగా చూపిస్తుంది, పెద్దదైతే ముప్పావు దగ్గరే నిలుస్తుంది. ముప్పావు దగ్గర నిలిచిన ఒక బండిని చూసి నేను గేజి సెండర్ (ట్యాంకులో ఉండి పెట్రోలు మట్టాన్ని గేజికి తెలిపే భాగం) పోయిందనుకున్నాను. రెండు రోజులు కష్టపడి ట్యాంకు దించి కొత్త సెండర్ వేశాక, పంపు దగ్గర మళ్లీ 28కే ఆగింది. ముల్లు మొదటి నుంచీ నిజమే చెబుతోంది, ట్యాంకే నిండటం లేదు.

పెట్రోలు పోసే మూత వెనక రెండు గొట్టాలుంటాయి: లావుది పెట్రోలు దిగడానికి, సన్నది లోపలి గాలి బయటికి రావడానికి. ఇల్లు కట్టేవాళ్లు ఈ రెండింటినీ బయటి గోడ దాకా లాగి ప్లాస్టిక్ పట్టీలతో కడతారు. ఏళ్లు గడిచేసరికి పట్టీలు తెగి, సన్న గొట్టం మధ్యలో ఉయ్యాలలా వేలాడుతుంది. ఆ వంపులో పెట్రోలు నిలిచి గాలికి దారి మూసేస్తుంది. బయటికి పోలేని గాలి పెట్రోలును లావు గొట్టంలోకే ఎగదన్నుతుంది, నాజిల్ కొసన ఉన్న చిన్న రంధ్రం తడుస్తుంది, పంపు ఆగిపోతుంది. ఆ బండిలో గాలి గొట్టం క్లాంపు వదులు చేస్తే పొడిగా ఉండాల్సిన గొట్టంలోంచి గ్లాసుడు పెట్రోలు కారింది. వంపు జానెడు కూడా లేదు.

దీన్ని నిర్ధారించుకోవడం తేలిక. నాజిల్ ఆగాక ఐదు నిమిషాలు ఆగి, అతి నెమ్మదిగా మళ్లీ పోయండి. ఇంకో పది గాలన్లు తీసుకుంటే తప్పు గాలి గొట్టానిదే. బండి పోసే వైపుకు ఒరిగి ఉన్నా ఇలాగే జరుగుతుంది కనుక సమతలం మీదే చూడాలి.

సరిచేయడానికి ట్యాంకు పావుకు తక్కువగా ఉన్నప్పుడు, ఆరుబయట, బ్యాటరీ తీగ తీసి, ప్రొపేన్ వాల్వు కట్టేసి పని మొదలుపెట్టండి. రెండు గొట్టాలూ మూత నుంచి ట్యాంకు దాకా ఎక్కడా పైకి లేవకుండా ఒకే వాలులో దిగాలి. మిగులు పొడవు కోసేసి, అడుగుకో లోహపు క్లాంపు వేసి ఫ్రేముకు బిగించండి. గొట్టం నొక్కితే మెత్తగా చితికిపోతున్నా, లోపలి పొర ఊడుతున్నా మార్చేయండి. ఇంధనానికని ముద్ర ఉన్నదే వాడాలి, హీటర్ గొట్టం పెట్రోలుకు ఆగదు.

ఆ తర్వాత సమతలం మీద మొదటిసారి ఆగేదాకా నింపి, పావు దాకా నడిపి, అదే పంపు దగ్గర అలాగే నింపి రసీదు చూసుకోండి. పూర్తిగా ఖాళీ చేసి కొలవకండి. ట్యాంకులో ఉండే పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే. ట్యాంకు నిండి ఆగాక బలవంతంగా పోయడమూ వద్దు, పొంగిన పెట్రోలు ఆవిరి పట్టే బొగ్గు డబ్బాలోకి చేరి దాన్ని పాడుచేస్తుంది.

సొట్టపడిన ట్యాంకు అరుదు, కింద చూస్తే తెలిసిపోతుంది. 1970ల నాటి జీఎంసీ మోటర్‌హోమ్‌లో రెండు ట్యాంకులుంటాయి కాబట్టి ఒకదాని నుంచి మరోదానికి మార్చే వాల్వు చూడాలి. బ్రిటన్ బండైతే అక్కడి గాలన్ 4.546 లీటర్లు, అమెరికాది 3.785.