కుక్కను మరొక ఇంటికి ఇచ్చే ముందు

ఊరు మారడం వల్లనో, ఇంట్లో పెద్దల అనారోగ్యం వల్లనో పెంచుకున్న కుక్కను మరొకరికి అప్పగించవలసి వచ్చినప్పుడు, ముందుగా అడిగినవారికి ఇచ్చేయాలనిపించడం సహజమే కాని, ఆ తొందరలోనే పొరపాట్లు జరుగుతాయి.

"బాగా చూసుకుంటారా?" అని అడిగితే కాదనేవారు ఉండరు. అందుకని పగలు ఇంట్లో ఎవరుంటారు, సంక్రాంతికి ఊరెళితే కుక్కను ఎవరి దగ్గర ఉంచుతారు, ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది అని ఫోనులోనే అడగండి. ముసలిదై చనిపోయిందని చెబుతూ దాని అలవాట్లు తలచుకునేవారిని నేను నమ్ముతాను. "ఎటో వెళ్లిపోయింది" అని తేల్చేసేవారిని నమ్మను. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది గాని, అద్దె ఇల్లయితే యజమాని అంగీకారాన్ని ఆయన నోటనే వినడం మంచిది.

లాబ్రడార్ వంటి జాతి ఆడకుక్క విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఉచితం అన్న మాట చూసి, ఈత తరువాత ఈత పిల్లలు పెట్టించి అమ్ముకునేవారు కూడా వస్తారు. దాని తిండి, టీకాల సంగతి వదిలేసి ఎదకు ఎప్పుడు వచ్చిందని ఆరా తీసేవారిని దూరంగా ఉంచండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాకే ఇవ్వండి.

ఇంటికి వెళ్లి చూడటం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మానవద్దు. ఒక ఇంట్లో అందరూ ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు గాని, కుక్క ఉండే చోటు చూపించమంటే డాబా మీద నీళ్ల ట్యాంకు కిందికి తీసుకెళ్లారు. అక్కడ స్తంభానికి మూరెడు గొలుసు, పక్కన మెతుకులు ఎండిపోయిన సత్తు గిన్నె ఉన్నాయి. నేను ఇవ్వలేదు. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను బయట తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. గేటు కమ్మీల సందులు, బాల్కనీ గ్రిల్లు చూడండి. కుక్క కావాలని పట్టుబట్టింది పిల్లలే అయినా, దానికి అన్నం పెట్టి, నేల తుడవవలసిన మనిషితో విడిగా మాట్లాడండి.

అన్నీ కుదిరితే టీకాల కార్డు ఇచ్చి, కుక్క అక్కడ కుదురుకుంటుందో లేదో చూడటానికి రెండు వారాల గడువు పెట్టండి. పెంచలేకపోతే ఎప్పుడైనా సరే మరెవరికీ ఇవ్వకుండా మీకే తిరిగి అప్పగించాలని కాగితం మీద రాయించుకోండి. ఆ రెండు వారాలూ మీ ఇంట్లో దాని చోటును అలాగే ఉంచండి.