సముద్రం అడుగున లెక్క, 4వ పాఠం: అబలోన్ సాంద్రత కట్టడం

పోయిన పాఠంలో అబలోన్ చిప్పని గేజ్‌తో కొలవడం నేర్చుకున్నాం. ఈసారి నోట్‌బుక్, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. ఒక చోట ఉన్న అబలోన్లు సంతానాన్ని నిలబెట్టుకునేంత దగ్గరదగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ఇవాళ తేల్చాలి.

అబలోన్ నత్త జాతిది. రాయిని కరుచుకుని ఉంటుంది, పెద్దగా కదలదు. ఆడది గుడ్లనీ, మగది వీర్యాన్నీ నీళ్లలోకి వదిలేస్తాయి. అవి నీళ్లలో పలచబడిపోయేలోగా కలవాలి. ఆడ, మగ మధ్య దూరం ఒక్కో మీటరు పెరిగేకొద్దీ ఆ అవకాశం గబగబా పడిపోతుంది. అందుకే తీరం మొత్తం మీద ఎన్ని ఉన్నాయన్న లెక్క ఒక్కటే సరిపోదు. కాలిఫోర్నియాలో తెల్ల అబలోన్‌ని 1970ల్లో విపరీతంగా పట్టారు. 1996లో వేట ఆపేశారు. అయినా అది కోలుకోలేదు, ఎందుకంటే మిగిలినవి ఒకదానికొకటి అందనంత దూరంలో ఉండిపోయాయి. 2001లో అమెరికా దాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. వెన్నెముక లేని సముద్ర జీవుల్లో ఆ జాబితాకెక్కిన మొదటిది అదే. వేట ఆపితే చాలు, వాటంతట అవే పెరుగుతాయనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి నాకు ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ తెలియదు.

ఇక కొలత. ఉత్తర కాలిఫోర్నియాలో ఎర్ర అబలోన్‌ని లెక్కపెట్టేటప్పుడు డైవర్లు అడుగున 30 మీటర్ల టేపు పరుస్తారు. 2 మీటర్ల వెడల్పు పట్టీలో కనిపించిన ప్రతి అబలోన్‌నీ లెక్కపెడతారు. రాళ్లు తిరగెయ్యరు. అంటే ఒక పట్టీ 60 చదరపు మీటర్లు. టేపు ఎక్కడ వెయ్యాలో నీళ్లలోకి దిగకముందే నిర్ణయమైపోవాలి. ఊళ్లో పంట కోత ప్రయోగం చూసినవాళ్లకి ఇది తెలిసిన సంగతే: బాగా పండిన మూల చూసుకుని ప్లాటు కొడితే ఆ దిగుబడి లెక్క అబద్ధమవుతుంది.

అభ్యాసం కోసం నేను వేసిన అంకెలు ఇవి. 8 పట్టీల్లో దొరికినవి: 0, 41, 3, 0, 5, 2, 0, 45.

మొత్తం 96. విస్తీర్ణం 8 × 60 = 480 చదరపు మీటర్లు. 96ని 480తో భాగిస్తే 0.2. హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు కాబట్టి హెక్టారుకి 2,000.

2005 నాటి కాలిఫోర్నియా అబలోన్ రక్షణ ప్రణాళికలో ఈ 2,000 ముఖ్యమైన గీత. అంతకంటే తగ్గితే జాతి నిలబడడమే కష్టమని లెక్క. వేట సంగతి ఆలోచించాలంటే 6,600 ఉండాలన్నారు. మన చోటు సరిగ్గా గీత మీద ఉంది. చాలామంది ఇక్కడే పెన్ను మూసేస్తారు. మీరు మూయకండి.

41, 45 వచ్చిన రెండు పట్టీలని పక్కన పెట్టి మళ్లీ లెక్క వెయ్యండి. మిగిలిన 6 పట్టీల్లో 10 మాత్రమే. 360 చదరపు మీటర్లకి 10 అంటే 36కి ఒకటి. సమానంగా పరుచుకుని ఉన్నా ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 6 మీటర్లు. ఆ దూరంలో గుడ్లు ఫలిస్తాయని ఆశ పెట్టుకోలేం. ఆ చోటి సంతానమంతా రెండు గుంపుల మీదే ఆధారపడి ఉంది. వేటకి అనుమతిస్తే డైవరు ముందు వెళ్లేది కూడా ఆ రెండు గుంపుల దగ్గరికే. కాబట్టి సగటు పక్కన ప్రతి పట్టీ అంకెనీ తప్పకుండా రాయండి.

ఇంకో జాగ్రత్త. 2013లో సముద్ర నక్షత్రాలు జబ్బు సోకి చచ్చిపోయాయి, ఆ తర్వాత నీళ్లు వేడెక్కాయి, ఆ నక్షత్రాలు తినే ఊదా రంగు సీ అర్చిన్లు (ముళ్ల బంతుల్లాంటి జీవులు) విపరీతంగా పెరిగాయి. అర్చిన్లూ అబలోన్లూ మేసే కెల్ప్ (పెద్ద సముద్రపు నాచు) అడవి ఉత్తర కాలిఫోర్నియాలో నూటికి తొంభై వంతులకి పైగా పోయింది. ఆకలితో ఉన్న అబలోన్లు మేత కోసం పగుళ్లలోంచి బయటికొచ్చాయి. అలాంటప్పుడు టేపు దగ్గర ఎక్కువ కనిపిస్తాయి, కానీ అవి చావుకి దగ్గరగా ఉన్నవి. అందుకే ఖాళీ చిప్పల్ని కూడా లెక్కపెట్టాలి, బతికున్నవాటి పాదం (రాయిని కరుచుకునే కండ) కుంచించుకుపోయిందేమో చూడాలి. 2018 నుంచి అక్కడ ఎర్ర అబలోన్ వేట మూతపడింది.

ఇంటి పని: ఇంకో చోట 6 పట్టీల్లో 12, 9, 14, 0, 11, 8 వచ్చాయి. సాంద్రత కట్టండి. మొదటి చోటితో పోల్చి, గుడ్లు ఫలించే అవకాశం ఎక్కడ ఎక్కువో, వేట మొదలైతే ఏది ముందు కూలుతుందో కారణంతో సహా రాయండి. జవాబుతోనే 5వ పాఠం మొదలుపెడదాం.