స్పీచ్ జడ్జింగ్ నేర్చుకుందాం – నాలుగో పాఠం: ప్రశ్న తోక పట్టుకోండి

అమెరికా స్కూళ్ల స్పీచ్ పోటీలకు జడ్జీలుగా వెళ్లే మన అమ్మానాన్నల కోసం ఈ పాఠాలు. ఈ పాఠంలో డ్రమాటిక్, హ్యూమరస్ ఇంటర్‌ప్రెటేషన్లు (రచనల్ని నటిస్తూ చెప్పే పోటీలు) మొదలుపెడతానని పోయినసారి చెప్పాను. మూడో పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి మీరు వేసిన ర్యాంకులు చూశాక వాటిని వాయిదా వేయక తప్పలేదు. ఆరు ఎక్స్‌టెంప్ ప్రసంగాలు (చీటీలో వచ్చిన ప్రశ్నకు అరగంటలో సిద్ధమై చెప్పేవి) విని వరస పెట్టమన్నాను కదా, మీలో ఎక్కువమంది ఒకే అబ్బాయికి 1 ఇచ్చారు. తనను అడిగిన ప్రశ్నకు ఆ అబ్బాయి జవాబే చెప్పలేదు. దాని గురించే ఈ పాఠమంతా.

ముందు చిన్న పొరపాట్లు సరిచేసుకుందాం. స్పీచ్‌లో 1 అంటే గదిలో అందరికంటే మెరుగు. ఒకరిద్దరు వాటిని మార్కులనుకుని బాగా మాట్లాడిన అమ్మాయికి 6 వేశారు. రౌండ్లన్నిటి ర్యాంకులూ కూడి, తక్కువ మొత్తం వచ్చినవాళ్లను పై రౌండుకు పంపుతారు. 1, 2, 1 రావలసిన పిల్లకు మొత్తం 4. చివరి అంకె మీ పొరపాటు వల్ల 6 అయితే మొత్తం 9. ఆ పిల్ల గోడమీద లిస్టులో తన పేరు వెతుక్కుని, ఎందుకు లేదో తెలియక ఇంటికి వెళ్తుంది. అందుకని సబ్మిట్ నొక్కేముందు 1 ఎవరికి పడిందో పైకి చదువుకోండి. ఇద్దరికి ఒకే ర్యాంకు కూడా ఇవ్వకూడదు.

టైము విషయం. ఎక్స్‌టెంప్‌కి 7 నిమిషాలు, పైన 30 సెకన్ల వెసులుబాటు. ఈ పోటీలకు రూళ్లు పెట్టే నేషనల్ స్పీచ్ అండ్ డిబేట్ అసోసియేషన్ రూలు ప్రకారం ఆ వెసులుబాటు కూడా దాటితే మొదటి ర్యాంకు ఇవ్వకూడదు. అంతకుమించి శిక్ష ఏదీ రూల్లో లేదు, మిగతాది జడ్జి విచక్షణ. 7 నిమిషాల 34 సెకన్లకు ముగించిన అమ్మాయిని ఆరో స్థానానికి నెట్టడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఆమె ప్రసంగం ఆరింటిలో రెండోది. రాష్ట్ర లీగుల్లో రూళ్లు కాస్త మారతాయి కాబట్టి టోర్నమెంటు ఇన్విటేషన్ ముందే చదువుకోండి.

జడ్జీలు ర్యాంకులు ఎక్కించే వెబ్‌సైటు ట్యాబ్‌రూమ్‌లో అకౌంట్ తెరవడం, గది వెతుక్కోవడం లాంటివి నేను చెప్పక్కర్లేదు. మీ పిల్లలు రెండు నిమిషాల్లో చూపిస్తారు.

ఇక ఆ అబ్బాయి సంగతి. అతనికి వచ్చిన ప్రశ్న: "గ్రీన్‌కార్డుల మీద దేశాలవారీ పరిమితిని అమెరికా కాంగ్రెస్ ఎత్తేస్తుందా?" మూడు ప్రశ్నలు తీసి, అందులోంచి దీన్ని ఎంచుకున్నాడు. 30 నిమిషాలు సిద్ధమయ్యాడు. వచ్చి నిలబడి, ఒక్క చోట కూడా తడబడకుండా ఏడు నిమిషాలు మాట్లాడాడు. ఏ దేశానికీ 7 శాతం దాటకూడదన్న నియమం వల్ల భారతీయులు ఏళ్ల తరబడి క్యూలో ఉండటం, తల్లిదండ్రుల వీసా మీద వచ్చిన పిల్లలు 21 నిండగానే ఆ క్యూలోంచి జారిపోవడం చెప్పాడు. గొంతు వణికినచోట వణికింది, ఆగినచోట ఆగింది. "మా ఇంట్లో అందరం కళ్లు తుడుచుకున్నామండీ, అతనికి కాక ఎవరికి ఇస్తాం" అని ఒకావిడ ఫోన్లో అడిగారు. ఆ బాధ నాకు బాగా తెలుసు. మా కుటుంబం కూడా ఆ క్యూలోనే పదకొండేళ్లు గడిపింది.

కానీ అడిగింది "ఎత్తేస్తుందా?" అని. అతను చెప్పింది "ఎత్తేయాలి" అని. అవి వేర్వేరు ప్రశ్నలు.

మన అమ్మానాన్నల్లో చాలామందికి ఈ తేడా చెవికెక్కకపోవడానికి నాకు తెలిసి ఒక కారణం ఉంది. మనం పెరిగింది వక్తృత్వ పోటీల్లో. ఆగస్టు 15కి వారం ముందు మాస్టారు ఒక కాగితం ఇస్తారు, దాన్ని బట్టీ పడతాం, స్టేజీ మీద మైకు ముందు ఎక్కడా తడుముకోకుండా అప్పజెబితే ఫస్టు ప్రైజు. అనర్గళంగా మాట్లాడటమే అక్కడ ప్రతిభ. అది తక్కువ విద్యేమీ కాదు. ఇక్కడ దానికి దగ్గర బంధువు ఒరిజినల్ ఓరేటరీ. పది నిమిషాల ప్రసంగం, సొంతంగా రాసుకుని, కంఠతా పట్టి చెప్పాలి. నెలల తరబడి సాన పెట్టుకోవచ్చు. ఎక్స్‌టెంప్ వేరు. ఆ పిల్లవాడు అరగంట క్రితం దాకా ఆ ప్రశ్న చూడలేదు. అక్కడ మనం వెలకట్టేది అప్పటికప్పుడు ఆలోచించిన తీరుని. ధార అందులో ఒక భాగం మాత్రమే.

నేను మొదటిసారి సెమీఫైనల్ జడ్జి చేసినప్పుడు ఇదే తప్పు చేశాను. ముగ్గురం కూర్చున్నాం. ఒకమ్మాయి కాస్త నెమ్మదిగా, మధ్యలో రెండుసార్లు ఆగి, కానీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పి, దాన్ని చివరిదాకా వదలకుండా మాట్లాడింది. నేను 5 ఇచ్చాను. తర్వాత బ్యాలెట్లు (జడ్జీలు ర్యాంకులు, కామెంట్లు రాసే పత్రాలు) బయటపెట్టినప్పుడు చూస్తే మిగతా ఇద్దరూ ఆమెకి 1 ఇచ్చారు. నా అంకె వల్లే ఆమె ఫైనల్‌కి వెళ్లలేదు. నా బ్యాలెట్లో ఆమె కోసం రాసిన కామెంటు "ఇంకా ధైర్యంగా మాట్లాడు" అన్న ఒక్క వాక్యం. ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి నేను వాడుతున్న పద్ధతి చెబుతాను. ప్రశ్న వినగానే మనసులో తెలుగు చేసుకోండి. ఇంగ్లీషులో ఈ తేడా వాక్యం మొదట్లో విల్, షుడ్, కెన్ అని చిన్న మాటగా వచ్చి దాటిపోతుంది. తెలుగులో అది చివర క్రియకి అతుక్కుని ఉంటుంది, చెవిలో నిలుస్తుంది. దాన్ని నేను ప్రశ్న తోక అంటాను. కాగితం పైన ఆ తోక ఒక్కటే పెద్ద అక్షరాలతో రాసుకోండి.

ఎత్తేయాలా? ఇది మంచిచెడ్డల ప్రశ్న. ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఏది న్యాయం. భారతీయుల క్యూ తగ్గితే చిన్న దేశాలవాళ్ల క్యూ పెరుగుతుందా అన్నది కూడా ఇక్కడ తేల్చాలి. ఆ అబ్బాయి ప్రసంగం ఈ తోకకైతే సరిపోయేది. అప్పుడు కూడా రెండో వైపు చూపించలేదు కాబట్టి నేనైతే 2 ఇచ్చేవాణ్ని.

ఎత్తేయగలదా? ఇది అధికారం, సాధ్యాసాధ్యాల ప్రశ్న. ఈ పరిమితి చట్టంలో ఉంది కాబట్టి మార్చాల్సింది కాంగ్రెస్సే, అధ్యక్షుడు సంతకం పెట్టినంత మాత్రాన మారదు అని మొదటి పాయింట్లోనే రావాలి. సెనేట్‌లో చర్చ ముగించి ఓటుకు తేవాలంటే మామూలుగా 60 మంది కావాలి. ఆ లెక్క చెప్పని ప్రసంగం ఈ తోకకి ఆనదు.

ఎత్తేస్తుందా? ఇది జోస్యం. ఏం జరుగుతుందో చెప్పాలి, ఎందుకలా అనుకుంటున్నాడో ఆధారం చూపాలి. 2019 జులైలో ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో ఇలాంటి బిల్లునే ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఇంకొకటి ఆమోదించింది. రెండిటినీ కలపకుండానే ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, బిల్లు చచ్చిపోయింది. అంత మద్దతు ఉన్నప్పుడే కానిది ఇప్పుడు ఎందుకు అవుతుంది, లేదా ఇప్పుడేం మారింది? ఆ అబ్బాయి ఈ ఒక్క విషయం పట్టుకుని ఉంటే ప్రసంగం మరోలా ఉండేది. ఏడు నిమిషాల్లో ఒక్కసారి కూడా దీని ప్రస్తావన రాలేదు.

మీరు ఏ తోకకి ర్యాంకు వేశారో మరోసారి చూసుకోండి. మన ఇళ్ల కథ చెప్పాడని మనసు అటు వెళ్లింది. నిజానికి ఇదే ప్రశ్నకి ఇంకో పిల్ల "ఎత్తేయదు" అని తేల్చి చెప్పి, మనకి నచ్చని ఆ జవాబుని ఆధారాలతో నిలబెట్టి ఉంటే, ఆమెకే 1 ఇవ్వాలి.

పిల్లలు ఎందుకు జారుతారో కూడా తెలుసుకోవాలి. అరగంటలో "ఎత్తేయాలి" అనడానికి బోలెడు వ్యాసాలు దొరుకుతాయి, "ఎత్తేస్తుందా" అన్నదానికి కొద్దిగానే దొరుకుతాయి. దొరికిన దానివైపు ప్రసంగం ఒరుగుతుంది. కొందరు ముందే తయారు చేసి పెట్టుకున్న ముక్కలు అతికిస్తారు. ఇంకొందరు తమకి తెలియకుండానే ప్రశ్నను తిరగరాస్తారు. అందుకే చాలాచోట్ల ప్రశ్న చీటీ జడ్జి చేతికి ఇస్తారు. అది ఇవ్వకపోతే మర్యాదగా అడిగి తీసుకోండి, అతను చెప్పిన మాటలు చీటీలో మాటలు ఒకటేనా చూడండి.

మరో ఉదాహరణ. "కొలరాడో నది నీళ్ల మీద ఏడు రాష్ట్రాలు ఒప్పందానికి వస్తాయా?" తోక: వస్తాయా. 1922 ఒప్పందం చరిత్ర, కరువు, ఆ నది మీది లేక్ మీడ్ జలాశయంలో మట్టం పడిపోవడం ఇవన్నీ నేపథ్యం. అక్కడే మూడు పాయింట్లూ అయిపోతే జవాబు రానట్టే. కృష్ణా నీళ్ల గొడవ వింటూ పెరిగినవాళ్లం కాబట్టి మనకి ఇది ఇట్టే తెలుస్తుంది: నీళ్లు ఎందుకు తగ్గాయన్నది ఒక మాట, ఎగువవాళ్లు దిగువవాళ్లు సంతకం పెడతారా అన్నది వేరే మాట.

"ఎలా", "ఎంతవరకు" అని వచ్చే ప్రశ్నలు సులువు. "ఎలా" అంటే పని చేసే దారి చూపాలి, "ఎంతవరకు" అంటే కొలత చెప్పాలి.

గదిలో చేయాల్సింది ఇది. మొదటి నిమిషంన్నరలో ప్రశ్న యథాతథంగా, వెంటనే ఒక్క వాక్యంలో జవాబు వినబడాలి. ఆ జవాబు రాసుకోండి. వినబడకపోతే ఆ చోట ఖాళీ గీత గీయండి. తర్వాత ప్రతి పాయింటు ముగిసినప్పుడు, ఇది ఆ జవాబుని నిలబెట్టిందా అని చూసి టిక్కు పెట్టండి. మూడు టిక్కులు వచ్చినవాళ్లు పైన, తర్వాత రెండు. సమానంగా వచ్చినవాళ్ల మధ్యే గొంతు, నడక, ధార చూస్తాను. పత్రిక పేరు, తేదీ చెప్పిన ఆధారాలు ఎన్నో లెక్కపెట్టే జడ్జీలున్నారు. నేను లెక్కపెట్టను, ఏ ఆధారం ఏ మాటకి పనికొచ్చిందో చూస్తాను. ప్రసంగం జరుగుతుండగా లాప్‌టాప్‌లో టైప్ చేయను. పిల్లలకి ఎదురుగా మన మొహం కనబడాలి, మన వేళ్లతో టైము కూడా చూపించాలి. కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కిస్తాను.

కామెంట్లలో "గుడ్ జాబ్" రాయొద్దు. ఆ అబ్బాయికైతే ఇలా రాస్తాను: "ఎత్తేయాలని నన్ను ఒప్పించావు. ఎత్తేస్తారా లేదా అన్నది మాత్రం నీ నుంచి వినలేదు. నీ రెండో పాయింటు స్థానంలో పాత బిల్లు ఎందుకు ఆగిపోయిందో పెట్టి చూడు." వచ్చే శనివారం టోర్నమెంటుకి అతనికి పనికొచ్చేది ఇదే.

అభ్యాసం. వారం రోజులు, రోజుకో వార్త తీసుకోండి. ప్రతి వార్తకీ యాలా, గలదా, తుందా అని మూడు తోకలు తగిలించి ప్రశ్నలు రాయండి. మొత్తం 21. ఒక్కోదానికి ఒక్క వాక్యం జవాబు, దాని కింద ఆ జవాబుకి కావలసిన ఆధారం ఏ రకందో ఒక ముక్క. మూడు తోకలకీ ఒకే ఆధారం సరిపోయిందంటే ఎక్కడో జారారు, చెరిపి మళ్లీ రాయండి.

ఆదివారం ఆ 21లోంచి కళ్లు మూసుకుని మూడు చీటీలు తీసి, ఒకటి ఎంచుకుని, గడియారం పెట్టుకుని 30 నిమిషాలు సిద్ధమవండి. తర్వాత లేచి నిలబడి 7 నిమిషాలు మాట్లాడండి. తెలుగులో అయినా సరే, కూర్చుని మాత్రం కాదు. మూడో నిమిషంలో మాటలు అయిపోతాయి, అయినా టైమర్ ఆపొద్దు. రికార్డు చేసి మీ అమ్మాయికో అబ్బాయికో ఇచ్చి, మీకు బ్యాలెట్ రాయమనండి. మీ జవాబు ఎన్నో సెకనులో వినబడిందో అందులో తప్పకుండా రాయమని చెప్పండి. ఐదో పాఠానికి ఆ బ్యాలెట్ మీ దగ్గర ఉండాలి, దానితోనే మొదలుపెడతాను.