క్రాస్‌బార్లు వంకర పోకుండా బిగించాలంటే

ఎస్‌యూవీ పైకప్పుకు రెండు పక్కలా ఉండే రూఫ్ రెయిల్స్ మీద, సామాను కట్టుకోవడానికి అడ్డంగా పెట్టే క్రాస్‌బార్లు మనమే బిగిస్తే ఒక చిరాకు తప్పదు. కింద నుంచి సరిగ్గానే కనిపిస్తాయి, పైకెక్కి చూస్తే ఒక పక్క రెండు వేళ్లంత వెనక్కి ఉంటుంది.

పెయింటర్లు వాడే మాస్కింగ్ టేప్ ఒక చుట్ట చాలు. ముందు రెయిల్స్ మీది దుమ్ము తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. దుమ్ము మీదే క్లాంప్ (బార్‌ను రెయిల్‌కు పట్టి ఉంచే బిగింపు) బిగిస్తే గీతలు పడతాయి. రెయిల్ ముందు చివర నుంచి కొలిచి, రెండు వైపులా ఒకే దూరంలో టేప్ ముక్క అంటించి పెన్నుతో గీత పెట్టండి. అది ముందు బార్‌కు. అక్కడి నుంచి 70 సెం.మీ. వెనక్కి, వెనక బార్‌కు ఇంకో గీత. బార్లతో వచ్చిన కాగితంలో వేరే దూరం ఉంటే అదే పాటించండి. క్లాంప్ అంచును గీతకు ఆనించి, బోల్టులన్నీ వదులుగా పెట్టి, ఎడమ కాసేపు, కుడి కాసేపు కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకవైపు మొత్తం బిగిస్తే రెండో వైపు జరిగిపోతుంది. 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగువు చూడండి.

కొన్ని బళ్లకు రెయిల్స్ అందం కోసం అతికించినవే ఉంటాయి. వాటికి బార్లు అసలు పెట్టకండి, బరువుకు ఊడొస్తాయి. ఓనర్స్ మాన్యువల్‌లో రూఫ్ లోడ్, అంటే పైకప్పు మోయగల బరువు, ఎన్ని కిలోలో చూసుకోండి. బార్ల బరువు కూడా అందులోకే వస్తుంది.