ఎం16 వియత్నాంలో ఎందుకు మొరాయించింది: సమస్య - పరిష్కారం

బెజవాడ, గుంటూరు కాలేజీల్లో ఎన్‌సీసీ జూనియర్లకు ఆయుధాల చరిత్ర చెప్పే సీనియర్ల కోసం ఇది. అమెరికా సైన్యపు రైఫిల్ ఎం16ను "జామయ్యే తుపాకీ" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, అది అన్యాయం. యూజీన్ స్టోనర్ ఏఆర్-10ను కుదించి చేసిన ఏఆర్-15 మొదట్లో బాగానే పనిచేసింది. దాన్నే సైన్యం ఎం16గా తీసుకుంది. ఆ తర్వాత ఏమేం మార్చారో అక్కడే వెతకాలి.

సమస్య: ఖాళీ షెల్ ఛాంబర్లో ఇరుక్కుపోవడం
ఛాంబర్ అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది, షెల్ అంటే తూటా తొడుగు. ప్రాణాలు తీసిన లోపం ఇదే. షెల్‌ను బయటికి లాగే కొక్కెం, అంటే ఎక్స్‌ట్రాక్టర్, షెల్ అంచును చీల్చుకుని వట్టిగా వెనక్కి వచ్చేది. సైనికుడు ఎదురుకాల్పుల మధ్యే క్లీనింగ్ రాడ్ ముక్కలు బిగించి, బ్యారెల్ మూతి నుంచి దించి షెల్‌ను పొడిచి తీయాల్సి వచ్చేది. రాడ్ లేనివాడి గతి చెప్పక్కర్లేదు.

కారణం: ఛాంబర్‌కు క్రోమ్ పూత లేదు. వానాకాలంలో కృష్ణ ఒడ్డున ఇంటి గేటు గొళ్లెం తుప్పు పట్టినట్టే అక్కడి తేమకు ఉక్కు గుంటలు పడింది. పేలినప్పుడు ఉబ్బిన ఇత్తడి షెల్ ఆ గుంటల్లో పట్టేసేది. పైగా ఈ రైఫిల్‌కు శుభ్రం చేసే పని పెద్దగా ఉండదన్న ప్రచారం, చాలామందికి క్లీనింగ్ కిట్లే అందకపోవడం.

పరిష్కారం: 1967 నుంచి ఛాంబర్‌కు క్రోమ్ పూత వేశారు, తర్వాత బ్యారెల్ మొత్తానికీ. కిట్లు, శిక్షణ ఇచ్చారు.

సమస్య: బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) మరీ వేగంగా ఆడటం, మసి పేరుకోవడం
కారణం: తూటాలోని పేలుడు మందు మార్పు. స్టోనర్ తన డిజైన్‌ను ఐఎంఆర్ రకం పుల్లల మందుకు కుదిర్చాడు. సైన్యం తూటా వేగానికి, ఒత్తిడికి పెట్టిన హద్దుల్లో ఆ మందు ఇమడలేదని గుళికల రకం బాల్ పౌడర్‌కు మారారు. పేలిన గ్యాస్‌లో కొంత బోల్ట్‌ను వెనక్కి నెట్టడానికి బ్యారెల్ నుంచి ట్యూబులోకి మళ్లే రంధ్రం దగ్గర ఒత్తిడి పెరిగింది. నిమిషానికి 700-800 తూటాల వేగం 1000 దాకా పోయింది. షెల్ ఇంకా ఛాంబర్ గోడను పట్టుకుని ఉండగానే బోల్ట్ లాగేది, అంటే పై సమస్య ఇంకా ముదిరేది. మందులోని కాల్షియం కార్బొనేట్ గ్యాస్ ట్యూబులో గడ్డకట్టేది.

పరిష్కారం: బోల్ట్ ఊపును తగ్గించే బఫర్‌ను బరువైనది పెట్టారు, మందులో కార్బొనేట్ తగ్గించారు. 1967 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ఐకార్డ్ ఉపసంఘం ఈ మార్పుల విషయంలో సైన్యాన్ని గట్టిగా తప్పుబట్టింది. క్లాసులో ఈ నివేదికను వదలకండి.

చిన్నవి రెండు
బ్యారెల్ మూతి దగ్గర మంట మెరుపును తగ్గించే మూడు కొమ్ముల ఫ్లాష్ హైడర్ అడవి తీగల్లో చిక్కుకునేది. చివర మూసిన రకం తెచ్చారు. రెండోది వియత్నాం సంగతి కాదు: గడ్డకట్టే చలిలో గాలి చిక్కబడి తూటా తడబడేది. బ్యారెల్ లోపల తూటాను తిప్పే, 14 అంగుళాలకు ఒక చుట్టు ఉన్న గాడిని 12 అంగుళాలకు ఒకటిగా చేశారు.