పాత డీజిల్ గూడ్స్ ఇంజిన్ చరిత్రను దాని ఒంటి మీదే చదవడం ఎలా?

బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద ఎంతసేపు నిలబడినా ఇప్పుడు వచ్చేవి దాదాపు కరెంటు ఇంజిన్లే. అందుకే ఎప్పుడైనా పాత డీజిల్ ఒకటి గూడ్స్ లాక్కొచ్చి ఆగితే నాకు పండగే. అది తుక్కు కింద పోయాక దాని కథ మనకెవరూ చెప్పరు. కనబడినప్పుడే రాసి పెట్టుకోవాలి. పట్టాల మీదికి దిగొద్దు, ప్లాట్‌ఫారం మీద నుంచే అన్నీ కనబడతాయి.

ముందు క్లాసు, అంటే ఇంజిన్ రకం చూడండి. డబ్ల్యూడీజీ-3ఏ అని ఉంటే డబ్ల్యూ బ్రాడ్‌గేజ్, డీ డీజిల్, జీ గూడ్స్. 3 అంటే మూడు వేల హార్స్‌పవర్, ఏ అంటే ఇంకో వంద. 1995లో వారణాసిలోని డీజిల్ ఇంజిన్ల కర్మాగారం డీఎల్‌డబ్ల్యూలో ఇది మొదలైనప్పుడు పేరు డబ్ల్యూడీజీ-2. పాత కాగితాల్లో ఆ పేరు కనబడితే వేరే ఇంజిన్ అనుకోకండి. దీనికి పెద్దన్న లాంటిది 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2. అది 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి వచ్చింది, 1964 నుంచి వారణాసిలోనే తయారైంది. రెండింటి గుండె ఒకటే, ఆల్కో వారి 16 సిలిండర్ల ఇంజిన్.

తర్వాత నంబరు. 3ఏ అయితే 13తో గానీ 14తో గానీ మొదలయ్యే ఐదంకెలు ఉంటాయి. నోట్‌బుక్‌లో ఒక్కో నంబరుకు ఒక్కో పేజీ కేటాయించండి.

అసలు కథ షెడ్డు, అంటే ఇంజిన్‌ను ఉంచి బాగోగులు చూసే చోటు, పేరు దగ్గర ఉంది. జీవై అంటే గుత్తి, కేజెడ్‌జే అంటే కాజీపేట. షెడ్డు మారితే పాత పేరు మీద కొత్త రంగు వేస్తారు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూడండి, కొత్త రంగు కింద పాత అక్షరాల అంచులు ఉబ్బుగా కనబడతాయి. నేను ఒకసారి అలాగే, గుత్తి అక్షరాల కింద ఇంకో షెడ్డు పేరు పోల్చుకున్నాను. ఆ రోజు సంతోషం ఇంతా అంతా కాదు.

పక్కనే పీఓహెచ్ (పీరియాడిక్ ఓవర్‌హాల్) అని రాసి ఉంటే ఆ నెల, ఏడాది తప్పకుండా ఎక్కించుకోండి. పెద్ద రిపేరు ఎప్పుడు జరిగిందో చెప్పేది అదే.

బయల్దేరేటప్పుడు పొగ చూడండి. డ్రైవరు నాచ్, అంటే ఇంజిన్ శక్తిని పెంచే మెట్టు, పెంచగానే డీజిల్ ముందు పడుతుంది, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో వేగం అందుకుని గాలి పంపేసరికి కాస్త ఆలస్యమవుతుంది. ఆ కాసేపే నల్లపొగ.

చివరగా, ఊళ్లో రిటైరైన డ్రైవర్లుంటే నంబరు చూపించి, "ఈ బండి మీరు నడిపారా సార్?" అని అడగండి. వాళ్లు చెప్పింది అదే పేజీలో, తేదీ వేసి రాయండి.